పేలుడు తరువాతి రెండవ దెబ్బ: శ్రావక కుటుంబములకు ఒక స్వాధ్యాయ పాఠము



ఉగ్రవాదులు పెట్టిన బాంబు పేలినప్పుడు ఎందరు చనిపోయిరి, ఎందరు గాయపడిరి అను లెక్కను మరునాటి పత్రికలు ప్రకటించును. ఆ లెక్క అవసరమే. కాని అది పూర్తి లెక్క కాదు. వర్తకులమైన మనకు ఈ సంగతి సులభముగా బోధపడును. దుకాణమున నిప్పంటుకొన్నప్పుడు కాలిన సరుకు ఒక్కటే నష్టము కాదు. ఆగిన బేరము, తప్పిన వాయిదా, చెడిన పరపతి, ఇవన్నియు తరువాతి నెలలలో ఖాతాకు ఎక్కును. అట్లే బాంబు చేయు హాని కూడ ఆ సాయంకాలముతో ముగియదు. ఒంటిమీద గీత అయినను పడనివారి గుండెలో, ఊపిరితిత్తులలో, నిద్రలో, గర్భములోని శిశువులో, కూలివాని వంటయింటిలో అది వారములు, నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి పనిచేయుచుండును. దీనినే ఈ పాఠములో రెండవ దెబ్బ అనుచున్నాము.

మొదటి దెబ్బను ఆపుట ప్రభుత్వము పని, పోలీసుల పని. రెండవ దెబ్బను తగ్గించుట మాత్రము చాలవరకు మన చేతిలోనే యున్నది. అది ఎట్లో తెలిసికొందము.

1. మనకు ఇది దూరపు సంగతి కాదు

షోలాపురములో, కొంతం చౌక్ చుట్టుప్రక్కల, తెలుగు మాట్లాడు నేతపనివారి నడుమ వర్తకము చేసికొను మనకు ఈ విషయము దూరముగా తోచవచ్చును. కాని మన వ్యాపారము రెండు మహానగరముల నడుమ నడచుచున్నది. తూర్పున హైదరాబాదు, పడమట ముంబాయి. మన చద్దర్లు, తువాళ్లు పోవునది ఆ దారులనే. మన పిల్లలు చదువుకొనునది, మన ఆడపడుచులు కాపురము చేయునది, మన పనివారి బంధువులు బ్రతుకుచున్నది ఆ ఊళ్లలోనే.

హైదరాబాదులో 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మండుగురు మరణించిరి. అదే సంవత్సరము ఆగస్టు 25, శనివారము సాయంకాలము, లుంబినీ పార్కులోను, కోఠీలోని గోకుల్ చాట్ వద్దను బాంబులు పేలి 42 మంది మరణించిరి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరులో సైకిళ్లకు అమర్చిన రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయిరి, నూరుమందికి పైగా గాయపడిరి.

ముంబాయిలో 1993 మార్చి 12నాటి వరుస పేలుళ్లలో 257 మంది మరణించిరి. 2006 జులై 11న లోకల్ రైళ్లలో ఏడు బాంబులు పేలి 180 మందికి పైగా చనిపోయిరి. మన సమాజము వారు అనేకులు వర్తకము చేయు జవేరీ బజారు 1993లోను, 2003లోను, 2011లోను మూడుసార్లు దెబ్బతిన్నది. 2008 నవంబరు 26న మొదలైన దాడిలో 166 మంది మరణించిరి. వారిలో 50 మందికి పైగా ప్రాణములు విడిచినది ఛత్రపతి శివాజీ స్టేషనులో. మన ఊరినుండి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్‌లో పోవువారు దిగు స్టేషను అదియే.

ఈ సంఘటనలలో చనిపోయినవారు అన్ని మతములవారు, అన్ని భాషలవారు. వారి వెనుక మిగిలినవారు వారికి ఎన్నో రెట్లు. ఈ పాఠము మిగిలినవారిని గురించినది.

2. భయము శరీరములో చేయు పని

భయము మనస్సుకు సంబంధించినది మాత్రమే అని తలచుట పొరపాటు. ఆపద కనబడగానే మూత్రపిండములపైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును. రక్తపోటు పెరుగును. కాలేయము చక్కెరను విడుదల చేయును. రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చును. ఇదంతయు పారిపోవుటకో, ఎదిరించుటకో శరీరము చేసికొను సన్నాహము. పది నిమిషములకు ఇది రక్షణ. పది వారములు నిలిచిన యెడల ఇదియే రోగము. అప్పటికే రక్తపోటు, చక్కెర వ్యాధి, గుండెజబ్బు ఉన్న పెద్దలకు ఇది మరింత ప్రమాదము. వర్తక కుటుంబములలో కూర్చుండి చేయు పని, నేయి, మిఠాయి తరచుగా తినుట వలన ఈ మూడు వ్యాధులును తక్కువ కాదని మనము ఎరుగుదుము.

2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానములతో జరిగిన దాడి తరువాత అలిసన్ హోల్మన్, రోక్సేన్ సిల్వర్ మొదలగు పరిశోధకులు ఆ దేశములోని రెండువేలకు పైగా పెద్దలను మూడు సంవత్సరములు కనిపెట్టి చూచిరి. వారిలో ఎక్కువమంది న్యూయార్కులో నున్నవారు కారు, టెలివిజనులో చూచినవారే. దాడి జరిగిన వెంటనే తీవ్రమైన మానసిక ఆఘాతము పొందినవారిలో, తరువాతి మూడేండ్లలో గుండె, రక్తనాళముల వ్యాధులు 53 శాతము హెచ్చుగా కనబడినట్లు 2008లో ప్రకటించిరి. ఎక్కడో పేలిన బాంబు ఎక్కడో ఉన్నవాని గుండెను తాకగలదని దీనివలన తెలియుచున్నది.

మన శాస్త్రములలో కషాయములు నాలుగుగాను, వాటికి తోడగు నోకషాయములు తొమ్మిదిగాను చెప్పబడినవి. హాస్యము, రతి, అరతి, శోకము, భయము, జుగుప్స, మూడు వేదములు ఆ తొమ్మిది. శోకమును భయమును ఆత్మకు అంటుకొను మలినములుగా మన ఆచార్యులు ఎంచిరి. అవి దేహమునకు కూడ కీడు చేయునని నేటి వైద్యులు కొలిచి చూపుచున్నారు.

3. చూచుటయు ఒక గాయమే

2013 ఏప్రిల్ 15న బోస్టను నగరములో పరుగుపందెము వద్ద బాంబులు పేలి ముగ్గురు మరణించిరి. తరువాత జరిగిన పరిశోధనలో ఒక వింత బయటపడినది. ఆ వారములో రోజుకు ఆరుగంటలు, అంతకు మించి ఆ వార్తలను, దృశ్యములను చూచుచు కూర్చున్నవారిలో కలిగిన ఆందోళన, ఆ స్థలములో స్వయముగా ఉన్నవారి ఆందోళన కంటెను హెచ్చుగా నుండెను.

దీనికి కారణము కష్టము కాదు. అక్కడ ఉన్నవాడు ఆ పేలుడును ఒక్కసారి చూచెను. ఇంటిలో కూర్చున్నవాడు నూరుసార్లు చూచెను. చూచిన ప్రతిసారియు శరీరము ఇప్పుడే ఆపద వచ్చినట్లు తలచి అడ్రినలిన్‌ను వదలును.

సమంతభద్రాచార్యుల రత్నకరండ శ్రావకాచారములో అనర్థదండములు ఐదు చెప్పబడినవి. పాపోపదేశము, హింసాదానము, అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య. వీటిలో దుఃశ్రుతి యనగా మనస్సును కలతపెట్టి రాగద్వేషములను రెచ్చగొట్టు మాటలను వినుచుండుట. అపధ్యానమనగా ద్వేషముతో పరుల చావును, బంధనమును కోరుచు కూర్చుండుట. పేలుడు జరిగిన రాత్రి మన చేతిలోని ఫోను చేయునది చాలవరకు ఈ రెండింటినే. రక్తము కనబడు చిత్రములను, నిజమో అబద్ధమో తెలియని మాటలను పదిమందికి పంపువాడు తన ఇంటి పెద్దలకును, చుట్టాల పిల్లలకును కీడు చేయుచున్నాడు. ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి నమ్మదగిన వార్తను తెలిసికొనుట చాలును. పిల్లలున్న గదిలో టెలివిజను ఆపివేయవలెను. ఇది ముద్దు కొరకు చెప్పు నియమము కాదు, ఔషధము వంటిది.

4. ధూళి

న్యూయార్కులో రెండు మహాభవనములు కూలినప్పుడు సిమెంటు, గాజునార, ఆస్‌బెస్టాస్ పొడియై ఊరిమీద కమ్మెను. గాలి పీల్చుటకు ప్రమాదము లేదని ప్రభుత్వ పర్యావరణ శాఖ వారము తిరుగగానే సెప్టెంబరు 18న ప్రకటించెను. ఆ ప్రకటనకు చాలినంత ఆధారము అప్పటికి లేకుండెనని 2003లో ఆ శాఖ తనిఖీ అధికారియే తేల్చెను. ఈలోగా వేలమంది ఆ ధూళిలో పనిచేసిరి, ఆ ఇండ్లకు తిరిగివచ్చి కాపురములు పెట్టిరి. విడువని దగ్గు, ఉబ్బసము, ముక్కువ్యాధులు, కొందరికి పుట్టకురుపులు కలిగెను. 2010లో చేసిన జద్రోగా చట్టము క్రింద ఏర్పడిన వైద్య పథకములో లక్షమందికి పైగా పేర్లు నమోదైనవి. దాడి జరిగిన దినమున మరణించిన అగ్నిమాపక సిబ్బంది 343 మంది. ఆ ధూళి సంబంధమైన వ్యాధులతో తరువాత మరణించిన సిబ్బంది సంఖ్య 2023 సెప్టెంబరు నాటికి అదే 343కు చేరి, ఆపైన దానిని మించినది. రెండవ దెబ్బ మొదటి దెబ్బతో సమానమగుటకు ఇరువదిరెండు సంవత్సరములు పట్టెను.

మన ప్రాంతములలో అంత పెద్ద భవనములు కూలలేదు. అయినను పేలుడు జరిగిన వీధిలో దుకాణము తెరచి, తానే చీపురు పట్టి దుమ్ము ఊడ్చువాడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. పొడిచీపురుతో ఊడ్వరాదు, నీరు చల్లి తడిగుడ్డతో ఎత్తవలెను. మరమగ్గముల మధ్య దూదిధూళి పీల్చి అప్పటికే ఊపిరి మందగించిన పనివానిని ఆ పనికి పంపరాదు. ముఖవస్త్రిక సూక్ష్మజీవులకు హింస కలుగకుండుటకు ధరించునది. సన్నని సిమెంటు పొడిని ఆపుటకు అది చాలదు. దానికి ఎన్-95 అను ముసుగు కావలెను.

5. దారి మార్చుకొన్నవారు

అమెరికాలో ఆ దాడి తరువాత అనేకులు విమానమెక్కుటకు భయపడి కార్లలో దూరప్రయాణములు చేసిరి. జర్మనీ దేశపు మనస్తత్వశాస్త్రజ్ఞుడు గెర్డ్ గిగరెంజర్ రోడ్డు ప్రమాదముల లెక్కలను పరిశీలించి, ఈ కారణము చేత తరువాతి పన్నెండు నెలలలో సుమారు 1,500 మంది అదనముగా రోడ్లపై మరణించిరని అంచనా వేసెను. ఆ నాలుగు విమానములలో నున్న ప్రయాణికులకు ఇది సుమారు ఆరురెట్లు. వారిని చంపినది బాంబు కాదు. భయపడి ఎంచుకొన్న దారి.

ఇది విధివ్రాత కూడ కాదు. 2004 మార్చి 11న స్పెయిన్‌లోని మాడ్రిడ్ నగరపు రైళ్లలో బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోయిరి. కొంతకాలము అక్కడివారు రైలు తక్కువగా ఎక్కిరి. కాని దానికి బదులు కార్లను పట్టలేదు. రోడ్డు మరణములు హెచ్చినట్లు కనబడలేదు.

మనకు ఇందులో పాఠమేమి? ముంబాయిలోనో, హైదరాబాదులోనో ఏదైన జరిగినప్పుడు, రైలు వలదని రాత్రికి రాత్రి కారు తీసి, నిద్రలేని డ్రైవరుతో మూడువందల కిలోమీటర్లు పోవుట సర్వసాధారణము. ప్రయాణము వాయిదా వేయగలిగిన వాయిదా వేయవలెను. వేయలేకున్న రైలులోనే పోవలెను. అర్ధరాత్రి హైవే మీది ప్రయాణము రైలు కంటె క్షేమమని మన మనస్సు చెప్పును గాని, లెక్కలు అట్లు చెప్పవు.

6. మూతపడిన దుకాణము, ఆగిన మందు

ఇప్పుడు మన వీధికే వత్తము. దాడి ఎక్కడ జరిగినను బందులు, కర్ఫ్యూలు, పుకార్లు అనేక ఊళ్లకు ప్రాకును. దుకాణము రెండుదినములు మూసిన మనకు బేరము పోవును, అంతే. కాని కొంతం చౌక్ ప్రాంతపు మగ్గము పనివానికి వారమునకు వచ్చు కూలియే ఆధారము. నేసిన లెక్కను బట్టి కూలి. నేయని దినమునకు కూలి లేదు. ఇంటిలో ఆడవారు బీడీలు చుట్టి తెచ్చు డబ్బులు కూడ ఆగును. మొదట పిల్లల పాలు తగ్గును. తరువాత పప్పు తగ్గును. తరువాత ముసలితల్లి రక్తపోటు మాత్రలు రేపు కొందములే అని ఆగిపోవును. ఆ తల్లికి పది దినముల తరువాత పక్షవాతము వచ్చిన యెడల అది బాంబు వలన వచ్చినదని ఎవరు వ్రాయుదురు? ఏ పట్టికలోను ఆమె పేరు ఉండదు.

కొన్ని మందులు ఒక్కదినము కూడ తప్పరానివి. క్షయరోగికి కనీసము ఆరునెలలు విడువక మందు పడవలెను. మధ్యలో మాని మాని మింగిన ఆ రోగము మందులకు లొంగని రోగమగును. ఇన్సులిన్ పుచ్చుకొనువారు, మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడుసార్లు రక్తశుద్ధికి పోవలసినవారు, నెలలు నిండిన గర్భిణులు, వీరికి బందు అనునది ప్రాణగండమే.

2008 నవంబరు 26 రాత్రి ముంబాయిలో స్త్రీలకు, శిశువులకు ఉద్దేశింపబడిన కామా ఆసుపత్రిలోనికే ఉగ్రవాదులు చొరబడిరి. నర్సు అంజలి కుల్థే తన వార్డులోని ఇరువదిమంది గర్భిణులను ఒక చిన్న గదిలోనికి చేర్చి దీపములార్పి కాపాడెను. వారిలో నొప్పులు మొదలైన ఒకామెను కాల్పుల నడుమనే ప్రసూతిగదికి నడిపించుకొని పోయెను. ఆ రాత్రి అక్కడ శిశువు క్షేమముగా పుట్టెను. 2022 డిసెంబరులో ఆమె ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఎదుట ఈ సంగతిని చెప్పెను. వైద్యము ఆగకుండ చూచుట కూడ ప్రాణరక్షణయే అనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

7. అనుమానమను విషము

దాడి చేసినవారి పేరును బట్టి ఆ పేరుగలవారినందరిని దోషులుగా చూచుట లోకములో జరుగుచున్నది. దీని ఫలితము కూడ ఆరోగ్యముపై పడును. కాలిఫోర్నియాలో 2001 సెప్టెంబరు తరువాతి ఆరునెలలలో అరబ్బీ పేర్లుగల తల్లులకు తక్కువ బరువుతో శిశువులు పుట్టుట, అంతకు ముందటి సంవత్సరపు అదే నెలలతో పోల్చగా 34 శాతము హెచ్చెను. ఇతర తల్లులలో అట్టి మార్పు కనబడలేదు. ఆ స్త్రీలు చేసిన నేరమేమియు లేదు. వీధిలో చూపులకు, మాటలకు, బెదిరింపులకు వారు గురియైరి. గర్భములోని శిశువు తల్లి భయమును పంచుకొనెను.

మన ఊరిలో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ మాట్లాడువారు ఒకే వీధిలో బ్రతుకుచున్నారు. మన దుకాణమునకు సరుకు మోయువాడు, మన మగ్గము బాగుచేయువాడు, మనకు బాకీ ఉన్నవాడు ఏ మతము వాడైనను కావచ్చును. ఎక్కడో జరిగిన పాపమునకు ఇక్కడ అతనితో మాట మానుట, లెక్క తేల్చి పంపివేయుట భావహింస. ద్రవ్యహింస చేయకున్నను భావహింస బంధకారణమని మనకు పాఠశాలలోనే నేర్పినారు. ఈ భావహింస ఒక శిశువు బరువులో కూడ తూగునని పై లెక్క చెప్పుచున్నది.

8. నాలుగు దానములు

ఇక చేయవలసినదేమి? క్రొత్తగా కనిపెట్టవలసిన పని లేదు. శ్రావకునకు చెప్పిన ఆహారదానము, ఔషధదానము, జ్ఞానదానము, అభయదానము అను నాలుగింటిలోనే ఇదంతయు ఇమిడియున్నది.

ఆహారదానము: బందు వారములో పనివానికి వారపు కూలిలో కొంతభాగమైనను ముందుగా ఇచ్చి, పని మొదలైన పిమ్మట మెల్లగా లెక్కలో సర్దుకొనవలెను. అన్నము పొట్లములు పంచి ఫోటోలు తీయించుకొనుట కంటె ఇది మేలు. కూలి ఆగని ఇంటిలో పొయ్యి ఆగదు, మందు ఆగదు. ఇచ్చువాని గౌరవము, పుచ్చుకొనువాని గౌరవము రెండును నిలుచును.

ఔషధదానము: ప్రతి ఇంటిలోను పెద్దల మందులు పదునైదు దినములకు సరిపడునవి ఎప్పుడును నిలువ ఉండవలెను. వైద్యుని చీటీ ప్రతి ఒకటి వేరుగా దాచవలెను. సంఘము తరపున వీధిలోని క్షయరోగులు, ఇన్సులిన్ వాడువారు, గర్భిణులు ఎవరో ముందే తెలిసికొని, కర్ఫ్యూ దినములలో వారిని ప్రభుత్వ ఆసుపత్రికో, మార్కండేయ ఆసుపత్రికో చేర్చుటకు ఒక బండిని, ఇద్దరు యువకులను ఏర్పరచుకొనవలెను. రక్తదాన విషయములో ఒక మాట. పేలుడు జరిగిన దినమున అందరును ఒక్కసారిగా పరుగెత్తుట కంటె, సంవత్సరము పొడవునను వంతులవారీగా ఇచ్చుట మేలు. రక్తము ఐదారు వారములకు మించి నిలువదు. అమెరికాలో 2001లో ఒక్కుమ్మడిగా సేకరించిన రక్తములో చాలభాగము గడువు దాటి పారవేయవలసి వచ్చెను. మొదటి గంటలో గాయపడినవారిని కాపాడునది, ముందే నిలువలో నున్న రక్తము.

జ్ఞానదానము: ఆఘాతము పొందినవారిలో ఎక్కువమంది కొన్ని వారములలో తమంతట తామే తేరుకొందురు. ఉలికిపాటు, పీడకలలు, అన్నము సయించకుండుట మొదటి దినములలో సహజమే, పిచ్చి కాదు. ఈ మాట చెప్పుటయే సగము చికిత్స. జరిగినదానిని పదేపదే చెప్పుమని బలవంతపెట్టరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ప్రకటించిన మానసిక ప్రథమచికిత్స గ్రంథములో మూడు పనులు చెప్పబడినవి. చూడుము, వినుము, కలుపుము. అనగా ఎవరికి సాయము కావలెనో చూచుట, వారు చెప్పినంత ఓపికతో వినుట, కావలసిన వైద్యునితోను బంధువులతోను వారిని కలుపుట. నిద్రపట్టుటకు మందులషాపులో స్వయముగా మాత్రలు కొని మింగరాదు. ఆఘాతము కలిగిన మొదటి నెలలో అట్టి మాత్రలు సాధారణముగా వలదని అదే సంస్థ 2013లో సలహా ఇచ్చెను. నెల దాటినను నిద్రలేమి, భయము, పనిమీద విముఖత తగ్గకున్న వైద్యుని వద్దకు పోవలెను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవలో 14416 అను నంబరుకు ఫోను చేసి తెలుగులోను, మరాఠీలోను మాట్లాడవచ్చును. ఇందులో అవమానమేమియు లేదు. మన కుటుంబములలో చక్కెర వ్యాధిని దాచము. మనోవ్యాధిని మాత్రము పిల్లల సంబంధములు చెడునని దాచుచున్నాము. దాచిన బాకీకి వడ్డీ పెరుగునట్లు దాచిన రోగము పెరుగును.

ఇచ్చటనే ఇంకొక మాట. దుఃఖములో అన్నము మానుట తపస్సు కాదు. తపస్సు ప్రసన్నచిత్తముతో చేయునది. శోకముతో మానిన అన్నము ఆర్తధ్యానమునకే దారి తీయును. చక్కెర వ్యాధికి మందు వాడువారు వైద్యుని అడుగక అట్టి సమయమున ఉపవాసము పట్టరాదు.

అభయదానము: నాలుగింటిలో శ్రేష్ఠమైనదిగా పెద్దలు దీనిని కొనియాడుదురు. పేలుడు జరిగిన మరునాడు మన దుకాణము తెరువబడియుండుట, పక్కవీధి వానిని పేరు పెట్టి పిలిచి క్షేమమా అని అడుగుట, భయపడిన పనివానిని ఇంటివరకు దిగబెట్టుట, పుకారు తెచ్చినవానితో ఎవరు చెప్పిరి, నీవు చూచితివా అని అడిగి అక్కడనే దానిని ఆపుట, ఇవన్నియు అభయదానములే. వీటికి ఖర్చు లేదు. కాని ధైర్యము కావలెను.

9. భయము వేరు, జాగ్రత్త వేరు

సమ్యగ్దృష్టి ఏడు భయములు లేనివాడని శాస్త్రము చెప్పుచున్నది. ఇహలోక భయము, పరలోక భయము, మరణ భయము, వేదనా భయము, అరక్షా భయము, అగుప్తి భయము, ఆకస్మిక భయము ఆ ఏడు. ఉగ్రవాది ముఖ్యముగా వాడుకొనునది చివరిదానిని. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అని తెలియకుండుటయే అతని ఆయుధము. పదిమందిని చంపి పదిలక్షలమందిని వణికించుట అతని పథకము. మనము వణకుచు మన పెద్దల గుండెను, మన పనివాని అన్నమును, మన పొరుగువాని నమ్మకమును పాడుచేసికొన్న యెడల ఆ పథకమును మనమే పూర్తిచేసినవారమగుదుము.

అయితే భయము లేకుండుట యనగా అజాగ్రత్త కాదు. మునులకు భయము లేదు, అయినను ఈర్యాసమితి పాటించి నాలుగు మూరల నేల చూచి నడుతురు. అట్లే గృహస్థుడును దిక్కులేని సంచి కనబడిన తాకక పోలీసులకు చెప్పవలెను. గుంపుగల చోట బయటికి పోవు దారిని చూచి పెట్టుకొనవలెను. పోలీసులు చెప్పిన నియమములను పాటించవలెను. ఆపైన రాత్రి ప్రతిక్రమణ చేసి నిశ్చింతగా నిద్రింపవలెను. ఆందోళనగల దినములలో నలువదియెనిమిది నిమిషముల సామాయికము, నిదానముగా శ్వాస విడుచుచు కూర్చుండుట గుండెవేగమును తగ్గించుటకు కూడ తోడ్పడును. అది మందుకు బదులు కాదు, మందుకు తోడు.

స్వాధ్యాయ ప్రశ్నలు

ఈ పాఠమును చదివినవారు ఇంటిలో అందరును కూర్చుండి ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలెనని ప్రార్థన.

1. మన ఇంటిలో ఏ పెద్దవారికి ఏ మందు ఒక్కదినము కూడ తప్పరాదు? అది ఎన్ని దినములకు నిలువ ఉన్నది?
2. రేపు వారముదినములు బందు జరిగిన యెడల మన వద్ద పనిచేయువారిలో ఎవరి పొయ్యి మొదట ఆరును?
3. గతసారి ఎక్కడైన దాడి జరిగినప్పుడు మన ఫోను నుండి పోయిన మాటలలో ఎన్ని నిజమని తేలినవి?
4. దుఃశ్రుతి, అపధ్యానము అనగా ఏమి? టెలివిజను ముందు అవి ఎట్లు కలుగును?
5. నాలుగు దానములలో మన కుటుంబము ఈ సంవత్సరము దేనిని తక్కువగా చేసినది?

మొదటి దెబ్బ కొట్టువానికి మన అనుమతి అక్కరలేదు. రెండవ దెబ్బకు మాత్రము మన సహాయము కావలెను. ఆ సహాయము చేయకుందుము గాక. సర్వజీవులకును ఆరోగ్యము, అభయము కలుగుగాక.

జయ జినేంద్ర.